గొట్టంలో గొట్టం

బోరబండలో ఇల్లు కట్టుకున్నవారెవరినైనా అడగండి, రెండు సంగతులు ముందు చెబుతారు. ఒకటి ఎత్తుపల్లం, రెండోది బండ. మోతీనగర్ వైపు నుంచి వచ్చినా, రహ్మత్‌నగర్ వైపు నుంచి వచ్చినా ఏదో ఒక చోట ఆటోవాలా గేరు మార్చక తప్పదు. పునాది తీస్తుంటే నాలుగు అడుగులు దిగకముందే గడ్డపార ఠంగుమంటుంది. స్థలమేమో అరవై గజాలు, ఎనభై గజాలు. అటు గోడా ఇటు గోడా పక్కింటివాళ్లవే. వెనకపక్క బాత్రూము, ముందుపక్క గల్లీ, గల్లీ నడుమ మ్యాన్‌హోలు. మరి వెనకాల నీళ్లు ముందుకెలా వస్తాయి? వంటింటి కిందుగా, హాలు కిందుగా, మెట్ల కిందుగా. అంటే మనం కూర్చుని టీవీ చూసే చోటికి రెండడుగుల కింద మురుగు పైపు ఉంటుంది. ఈ వారం ముచ్చట ఆ పైపు గురించే. టిఫిను ప్లేటు ముందు పెట్టుకుని పేపరు తిప్పుతున్నవారు ఇడ్లీ ముగించి వస్తే మంచిది.

ఇక్కడ చాలా ఇళ్లకు ముప్పయి, నలభై ఏళ్లు నిండాయి. అప్పట్లో మురుగుకు వేసింది ఎక్కువగా స్టోన్‌వేర్ పైపులు. మట్టిని బాగా కాల్చి, పైన నున్నగా మెరుగు పెట్టిన గొట్టాలు. తక్కువ రకం అనుకోకండి, మురుగులోని ఆమ్లాలు వాటినేమీ చేయలేవు. వాటి బలహీనతంతా అతుకుల్లో ఉంది. ఒక్కో ముక్క పొడవు దాదాపు రెండడుగులు. వెనక బాత్రూము నుంచి గల్లీ దాకా ముప్పయి అడుగులనుకుంటే పదిహేను ముక్కలు, పద్నాలుగు అతుకులు. ప్రతి అతుకునూ మేస్త్రీ సిమెంటుతో మెత్తాడు. నేల కొంచెం కుంగినా, పైన బరువు పెరిగినా సిమెంటు చిట్లుతుంది. ఇక బరువు సంగతా? రేకుల ఇల్లు శ్లాబు అయింది, శ్లాబు మీద ఇంకో శ్లాబు లేచింది, నాలుగు పోర్షన్లు అద్దెకు పోయాయి. కింద పైపు మాత్రం అదే నాలుగు అంగుళాలు. షాబాదు బండలు పోయి మొజాయిక్ వచ్చింది, మొజాయిక్ పోయి టైల్స్ వచ్చాయి. ఇన్నిసార్లు నేల మారినా, కింద ఏముందో చూసినవారు లేరు. పైన పటారం లోన లొటారం అని పెద్దవాళ్లు ఊరికే అనలేదు.

సిమెంటు పైపు వేసినవారి కథ వేరు. మురుగు నిలిస్తే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే వాయువు పుడుతుంది, అదే కుళ్లిన గుడ్ల వాసన. అది పైకి లేచి పైపు లోపలి కప్పుకు అంటుకుంటే, అక్కడి తడిలో ఉండే సూక్ష్మజీవులు దాన్ని గంధకామ్లంగా మారుస్తాయి. ఆమ్లం సిమెంటును తినేస్తుంది. అందుకే సిమెంటు పైపు అడుగున బాగున్నా నడినెత్తిన పుచ్చిపోతుంది. బీడు పైపు తుప్పు పట్టి లోపల గరుకెక్కి, పోయిన ప్రతిదాన్నీ పట్టుకుంటుంది. ఇంటిముందు రావిచెట్టో వేపచెట్టో ఉంటే దాని వేళ్లు తడి వెతుక్కుంటూ వెంట్రుకంత సందులోంచి దూరి, లోపల జడలా పెరుగుతాయి.

పైపు పోయిందని నేల ముందే చెబుతుంది. నెలకోసారి చాంబరు పొంగుతుంది. ఎక్కడా నీళ్లు ఒలకకపోయినా గోడ అడుగున చెమ్మ ఎక్కుతుంది. ఒక టైలు పక్కవాటికన్నా అర అంగుళం దిగుతుంది, వేలితో కొడితే డొల్లగా మోగుతుంది. పైపులోంచి కారిన నీళ్లు కింది మట్టిని కొంచెం కొంచెంగా కడుక్కుపోతున్నాయన్నమాట. బొద్దింకలు, ఎలుకలు ఎక్కడినుంచి వస్తున్నాయో అంతుపట్టదు. వీటన్నిటినీ ఓర్చుకోవచ్చు. ఓర్చుకోకూడనిది సంపు.

నగరంలో చాలా బస్తీలకు మంచినీళ్లు రోజు విడిచి రోజే వస్తాయి. కాబట్టి ఇంటింటికీ సంపు తప్పదు. చిన్న స్థలంలో సంపు ఎక్కడ కడతాం? గేటు పక్కన. మురుగు చాంబరు ఎక్కడ ఉంటుంది? అదీ గేటు పక్కనే. రెంటికీ మధ్య రెండు మూడడుగుల మట్టి, ఒక పాత ఇటుక గోడ. దానికి తోడు ఇంకో చిక్కు ఉంది. నల్లా కట్టేసిన గంటల్లో మంచినీళ్ల పైపు ఖాళీగా ఉంటుంది. ఖాళీ అవుతున్నప్పుడు లోపల ఒత్తిడి పడిపోయి, చుట్టూ ఉన్న తడిని సందుల్లోంచి లోపలికి పీలుస్తుంది. చుట్టూ ఉన్నది మురుగు తడి అయితే పీల్చేది దాన్నే. 2009 మే నెలలో ఇదే నగరంలో భోలక్‌పూర్‌లో మంచినీళ్లలో మురుగు కలిసి వాంతులు, విరేచనాలతో జనం ఆసుపత్రుల పాలయ్యారు, పలువురు చనిపోయారు. అక్కడ పోయింది వీధి పైపులు కావచ్చు, ఇంటిలోపలి పైపు కూడా అదే పని చిన్న ఎత్తున చేస్తుంది. ఇంట్లో పిల్లలకు పదేపదే కడుపు చెడుతుంటే డాక్టరుతో పాటు చాంబరునూ ఒకసారి చూడాలి.

సరే, పైపు పోయింది. ఏం చేస్తాం? మొదట ఆసిడ్ సీసా తెస్తాం. తర్వాత వెదురుబద్ద. అది పనిచేసినట్టే ఉంటుంది, ఎందుకంటే బద్ద అడ్డాన్ని ముందుకు తోస్తుంది గానీ పగులును మూయదు. పైగా పాత పైపు అతుకును ఇంకొంచెం కదిలిస్తుంది. మూడోసారి ప్లంబరు నడుం మీద చెయ్యి వేసుకుని, 'తవ్వాల్సిందే సార్' అంటాడు. అతని తప్పు లేదు, అతని దగ్గరున్న పనిముట్లు అవే.

తవ్వడమంటే పైపు ఖరీదు, కూలీ లెక్కేసుకుని ఊరుకుంటాం. అసలు ఖర్చు అది కాదు. పదేళ్ల కిందటి టైలు రంగు ఇప్పుడు ఏ దుకాణంలోనూ దొరకదు, కాబట్టి ఆరడుగుల తవ్వకానికి హాలంతా మార్చాలి. వంటింటి గట్టు పగులుతుంది. బండ తగిలితే బ్రేకర్ పెట్టాలి, బ్రేకర్ పెడితే పక్కింటి గోడ అదురుతుంది, పక్కింటాయన వచ్చి గుమ్మంలో నిలబడతాడు. రోడ్డు కోయాలంటే నగరపాలక సంస్థ అనుమతి కావాలి, రుసుము కట్టాలి. వానాకాలంలో రోడ్డు తవ్వకాలను సాధారణంగా ఆపేస్తారు, మన పైపులేమో సరిగ్గా వానాకాలంలోనే పొంగుతాయి.

ఇలాంటివారి కోసమే ఇంకో దారి ఉంది. పాత పైపును తవ్వి తీయకుండా, దాన్నే అచ్చుగా వాడుకుని లోపల కొత్త పైపు పోతపోయడం. ఎపాక్సీ లైనింగ్ అంటారు. పేరు కొత్తగా ఉన్నా పదార్థం మనకు పాతదే. నల్లా కారుతుంటే రెండు రంగుల ముద్దలు కలిపి పిసికి పెట్టే ఎమ్-సీల్ ఎపాక్సీయే. చిన్న ట్యూబు, పెద్ద ట్యూబు పిండి కలిపే అరాల్డైట్ ఎపాక్సీయే. రెండు పదార్థాలు విడివిడిగా ఉన్నంతకాలం మెత్తగా ఉంటాయి, కలిస్తే వేడెక్కి రాయిలా బిగుసుకుంటాయి. ఇక్కడా సూత్రం అంతే, కాకపోతే ముద్ద బదులు ముప్పయి అడుగుల గొట్టం.

మొదట జెట్ యంత్రంతో పైపు లోపల అంతా కడుగుతారు. వేళ్లుంటే కోస్తారు, బీడు పైపైతే తుప్పు గీకుతారు. తర్వాత పొడవాటి తీగ చివర కెమెరా పంపి చూస్తారు. ఎన్ని అడుగుల దగ్గర పగులుంది, ఎక్కడ పక్క పైపు కలుస్తోంది అన్నది కొలుచుకుంటారు. అప్పుడు మెత్తటి ఫెల్టు గుడ్డతో చేసిన పొడవాటి సంచిలాంటి గొట్టాన్ని కొలతకు కోసి, దానిలో కలిపిన ఎపాక్సీ పోసి, చపాతీ కర్రలాంటి రోలర్ల కింద అణచి గుడ్డంతా తడిసేలా చేస్తారు. దాన్ని పైపులోకి ఎలా పంపుతారన్నదే అసలు తమాషా. దిండు గలీబును తిరగేస్తామే, అలాగ. గొట్టం ఒక కొసను చాంబరులో పైపు నోటికి బిగించి, గాలి ఒత్తిడితో లోపలిది బయటికి వచ్చేట్టు తిరగేస్తూ ముందుకు తోస్తారు. జిగురున్న వైపు బయటికి తిరిగి పాత పైపు గోడకు అంటుకుంటుంది, నున్నటి పూత ఉన్న వైపు లోపల మిగులుతుంది. గాలి అలాగే నింపి ఉంచితే కొన్ని గంటల్లో గట్టిపడుతుంది. వేడినీళ్లో ఆవిరో పంపితే ఇంకా త్వరగా. గట్టిపడ్డాక చిన్న కోత యంత్రాన్ని లోపలికి పంపి, మూసుకుపోయిన పక్క పైపుల నోళ్లు తెరుస్తారు. పద్నాలుగు అతుకుల పైపు లోపల అతుకే లేని పైపు తయారు.

దీన్ని మొదట చేసింది ఎరిక్ వుడ్ అనే ఇంగ్లిషు ఇంజినీరు. 1971లో లండన్‌లోని హాక్నీ ప్రాంతంలో, వందేళ్ల నాటి ఇటుక మురుగు కాలువలో డెబ్భై మీటర్ల పొడవున ఇలా గొట్టం వేశాడు. ఆయన వాడింది ఎపాక్సీ కాదు, పాలిస్టర్ రెసిన్. ఇరవై ఏళ్ల తర్వాత అందులోంచి ముక్క కోసి పరీక్షిస్తే ఉండాల్సిన బలం ఇంకా ఉందని తేలింది. యాభై ఏళ్లు మన్నుతుందని కంపెనీలు చెప్పే మాటకు ఆధారం ఇలాంటి పరీక్షలే. మన దేశంలో పెద్ద కాలువలతో మొదలైంది. ఢిల్లీలో జల బోర్డు పాత పెద్ద మురుగు లైన్లను ఈ పద్ధతిలో బాగుచేయించింది. ఇక అమెరికాలో పాత ఇల్లు కొన్న మన పిల్లలుంటే అడగండి, కొనేముందు మురుగు పైపులోకి కెమెరా వేయించడం అక్కడ మామూలు సంగతి. చాలా ఊళ్లలో ఇంటినుంచి వీధి లైను దాకా పైపు బాధ్యత ఇంటివాడిదే కావడంతో, ముందు జాగ్రత్త వాళ్లకు అలవాటైంది.

గొట్టంలో గొట్టం వేస్తే ఇరుకైపోదా అని అడుగుతారు. అవుతుంది. లైనింగ్ మందం సుమారు మూడు మిల్లీమీటర్లనుకుంటే నాలుగంగుళాల పైపులో పావంగుళం దాకా తగ్గుతుంది. చక్కనమ్మ చిక్కినా అందమే అన్నట్టు, ఆ నష్టం పెద్దగా కనబడదు. గరుకు గోడ, పద్నాలుగు అతుకుల అంచులు పోయి నున్నటి దారి వచ్చింది కాబట్టి నీళ్లు ఇంకా సాఫీగా పోతాయి.

ఇంతవరకూ చదివి ఫోను అందుకోకండి. ఈ మందు అన్ని రోగాలకూ పనికిరాదు, ఆ సంగతి అమ్మేవాళ్లు ముందుగా చెప్పరు. పగుళ్లు, వదిలిన అతుకులు, చెట్ల వేళ్లు, తుప్పు, పుచ్చిన సిమెంటు, వీటికి లైనింగ్ మంచి మందు. వాటం చెడితే మాత్రం ఇది చేయగలిగిందేమీ లేదు. గొట్టం వంపు తిరిగినచోట లైనింగూ అదే వంపు తిరుగుతుంది. పైపు నడుమ కుంగి గుంటలా అయితే, లైనింగ్ తర్వాతా అది గుంటే. నున్నటి గుంట. నాలుగంగుళాల పైపుకు మేస్త్రీలు నలభైకి ఒకటి వాటం చూస్తారు. ముప్పయి అడుగులకు తొమ్మిది అంగుళాల దిగువ ఉండాలి. బోరబండలో వాటానికి కొదవేమిటి, అంతా గుట్టే కదా అనిపిస్తుంది. కానీ రోడ్డుకు దిగువ వైపున్న ఇళ్లను చూడండి. ఒకప్పుడు రోడ్డుకన్నా అడుగు ఎత్తున్న గడప, రోడ్డు మీద రోడ్డు పోస్తూ వచ్చేసరికి ఇప్పుడు రోడ్డుకు సమానంగా ఉంది, కొన్నిచోట్ల కిందికే పోయింది. గల్లీ లైను నిండితే నీళ్లు ఎదురు తన్నేది వాళ్లింటికే. అక్కడ పైపు లోపల బంగారం పూసినా లాభం లేదు. లైను ఎత్తు సరిచేయాలి, లేదా నీళ్లు వెనక్కి రాకుండా ఆపే వాల్వు పెట్టాలి. పైపు పూర్తిగా కూలి మూసుకుపోయినా అంతే, గొట్టం దూరడానికి దారే ఉండదు. ఆ నాలుగడుగులు తవ్వాల్సిందే. ఒకే పైపు మీద పన్నెండుమంది అద్దెకుంటూ ఉంటే, తప్పు పైపుది కాదు, లెక్కది.

అందుకే నా మాట ఒకటే. తవ్వడమా, లైనింగా అని వాదించుకునేముందు కెమెరా వేయించండి. పైపు లోపల చూడకుండా ఏ పనికీ బయానా ఇవ్వొద్దు. ఊహతో చెప్పే కారణాలు మన దగ్గర తక్కువేం కాదు. 2020 అక్టోబరులో బోరబండ సైట్-3 వైపు భూమిలోంచి శబ్దాలు వస్తున్నాయని జనం రాత్రిళ్లు రోడ్ల మీదికి వచ్చిన సంగతి గుర్తుండే ఉంటుంది. ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రజ్ఞులు పరికరాలు పెట్టి చూసి, అవి చాలా చిన్న ప్రకంపనలని తేల్చారు. ఇల్లు చిట్లినా, పైపు చిట్లినా ఆ శబ్దాల మీదికి తోసేస్తే మేస్త్రీలకు హాయి. కెమెరా అలా మొహమాటపడదు, అతుకు వదిలిన చోటు అడుగుల లెక్కతో చూపిస్తుంది.

కెమెరా గురించి ఇంత పట్టుబట్టడానికి ఇంకో కారణం ఉంది. అది మనిషి బదులు లోపలికి వెళ్తుంది. ఇంటి పైపు మూసుకుపోయి, చాంబరులో అందకపోతే మనవాళ్లు చేసేదేమిటో మీకు తెలుసు. అడ్డా మీదినుంచి ఒకరిని పిలుచుకొచ్చి, ఐదువందలో వెయ్యో చేతిలో పెట్టి మ్యాన్‌హోలు మూత తీస్తారు. కుళ్లిన గుడ్ల వాసన వస్తే జాగ్రత్తపడొచ్చు అనుకుంటారు. ఆ వాయువు ఎక్కువైతే ముందు ముక్కు మొద్దుబారుతుంది, వాసన తగ్గిందనుకుని ఇంకో మెట్టు దిగుతారు. ఆ తర్వాత క్షణాల పని. ఒకరు పడితే లాగడానికి దిగిన రెండో మనిషీ పడతాడు. 2013 చట్టం ప్రకారం రక్షణ సామగ్రి లేకుండా మురుగు కాలువలోకి, సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దింపడం నేరం. దింపింది అధికారులైనా, కాంట్రాక్టరైనా, ఇంటి యజమానైనా ఒకటే. మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా ఉండొచ్చు. ఇలా చనిపోయినవారి కుటుంబాలకు 2014లో సుప్రీంకోర్టు పది లక్షల పరిహారం నిర్ణయించింది, 2023 అక్టోబరులో దాన్ని ముప్పయి లక్షలు చేసింది. కోలారు బంగారు గనుల ఊళ్లో పుట్టిన బెజవాడ విల్సన్ ఈ పని మాన్పించడానికే జీవితం పెట్టారు, 2016లో ఆయనకు రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. అయినా మూతలు తీయడం ఆగలేదు. హైదరాబాద్‌లో గల్లీల్లో దూరే చిన్న జెట్టింగ్ యంత్రాలను జలమండలి 2017లో తెచ్చింది. వీధి మ్యాన్‌హోలు పొంగితే 155313కు ఫోను చేయడం మన పని, ఎవరినో దింపడం కాదు.

లైనింగ్ ఖర్చు ఎంతవుతుందని అడిగితే ఒక అంకె చెప్పడం కుదరదు. అడుగుకు ఇంత అని కడతారు. ఉత్త పైపు మార్పిడి కూలీతో పోలిస్తే ఎక్కువే. టైల్స్, గట్టు, రోడ్డు రుసుము, వారం రోజులు చుట్టాలింట్లో మకాం, ఇవన్నీ కలిపి పోల్చితే లెక్క మారుతుంది. ఖాళీ జాగాలోంచి, మట్టిలోంచి పోయే పైపైతే తవ్వి పీవీసీ వేసుకోవడమే చవక, దానికి ఎపాక్సీ దండగ. ఇంకో సంగతి, యంత్రాలు, మనుషులు, రెసిన్ కలిపే బండి రావడానికి అయ్యే ఖర్చు ముప్పయి అడుగులకైనా వంద అడుగులకైనా ఇంచుమించు ఒకటే. వరసగా ఉన్న నాలుగిళ్లవాళ్లు కలిసి పిలిస్తే అందరికీ తగ్గుతుంది. నాలుగిళ్లవాళ్లు కలవడం పైపు కన్నా కష్టమంటారా, అది మీ గల్లీ సంగతి.

పని ఒప్పుకునేముందు కొన్ని అడగాలి. లైనింగ్‌కు ముందూ, తర్వాతా కెమెరా రికార్డింగ్ ఇస్తారా? ఇవ్వకపోతే వద్దు. ఇస్తే ఇంటి కాగితాలతో పాటు దాచండి, రేపు ఇల్లు అమ్మినా పనికొస్తుంది. పక్క పైపుల నోళ్లు ఎన్ని తెరుస్తారో ముందే కాగితం మీద రాయించుకోండి. ఒక్కటి మర్చిపోయినా మేడమీది బాత్రూము మూసుకుపోతుంది. ఎండాకాలమైతే పని తెల్లవారుజామున మొదలుపెట్టమనండి. ఎపాక్సీ కలిపాక పది డిగ్రీల వేడి పెరిగితే బిగుసుకునే సమయం దాదాపు సగానికి పడిపోతుంది, మే నెల మధ్యాహ్నం సగం దూరంలోనే గట్టిపడి ఇరుక్కుంటే అప్పుడు తవ్వకం తప్పదు. గట్టిపడని రెసిన్ చర్మానికి పడదు, దురదలు, దద్దుర్లు వస్తాయి, పిల్లల్ని ఆ దరిదాపులకు రానివ్వకండి. మంచినీళ్ల పైపుకు ఇదే వేసేస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు, తాగేనీటికి వాడే పూతలకు ప్రమాణాలు వేరు.

చివరగా రోజు ఎంచుకోవడం. కడగడం మొదలైనప్పటి నుంచి గట్టిపడి నోళ్లు తెరిచేదాకా ఇంట్లో ఎవరూ చుక్క నీరు వదలకూడదు. కింద పనివాళ్లు గొట్టం తిరగేస్తుంటే మేడమీద ఎవరో బకెట్ వంచితే పనంతా పాడు. కాబట్టి అద్దెకున్నవారందరికీ రెండు రోజుల ముందే చెప్పి, పక్కింట్లో ఒక బాత్రూము మాట్లాడిపెట్టుకోండి. ఆదివారం మాత్రం పెట్టుకోకండి. అందరి తలంట్లూ ఆ రోజే.